నాన్న ఛార్జింగ్ లైటు, ఎడిసన్ కరెంటు

పోయిన ఏడాది మే నెలలో అమ్మానాన్నా తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చారు, ఆరు నెలలు ఉండేట్టు. అమ్మ పెట్టెల్లో ఏముంటాయో మీకు చెప్పక్కర్లేదు. నాన్న పెట్టెలో మాత్రం లుంగీల మధ్య జాగ్రత్తగా చుట్టిన మూడు కరెంటు సామాన్లు బయటపడ్డాయి: గడ్డం ట్రిమ్మరు, దోమల బ్యాటు, ఒక ఛార్జింగ్ టార్చిలైటు. "ఇక్కడ కరెంటు పోదు నాన్నా, టార్చి ఎందుకు మోసుకొచ్చారు?" అంటే "పోదని నువ్వు రాసిస్తావా?" అన్నారు. దోమల బ్యాటు గురించి అడగలేదు. జూన్ వచ్చిందంటే న్యూజెర్సీ దోమలు తెనాలి కాలవగట్టు దోమలకేమీ తీసిపోవు.

మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మూడూ వంటింటి గట్టు మీద వరసగా ఛార్జింగులో ఉన్నాయి. ఇక్కడి సాకెట్టులో మన గుండ్రటి పిన్నులు పట్టవని ఎవరో చెబితే, బయల్దేరే ముందే బోసు రోడ్డులో ఏదో షాపులో పిన్ను మార్చే అడాప్టర్లు మూడు కొనుక్కొచ్చారట. నా గుండె ఒక్కసారి ఆగింది, ఎందుకంటే నేను ఇలాంటి పని చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి (అది తర్వాత చెబుతా). కానీ ఏదీ కాలలేదు, వాసన కూడా లేదు. ట్రిమ్మరు నిండిపోయి పచ్చలైటు చూపిస్తోంది. టార్చిలైటు, బ్యాటు మాత్రం ఎర్ర లైటు వెలిగీ వెలగనట్టు మినుకుమంటున్నాయి.

నాన్న వాటినే చూస్తూ "ఏరా, మీ ఊళ్ళో లో వోల్టేజీ ఉన్నట్టుందే" అన్నారు.

నవ్వాను. అమెరికాలో లో వోల్టేజీ ఏంటి నాన్నా అని పెద్ద ఆరిందాలా చెప్పబోయి, మధ్యలోనే ఆగిపోయాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మన ఇంట్లో 230 వోల్టులొస్తే ఇక్కడ గోడలోంచి వచ్చేది 120. మా చిన్నప్పుడు ఎండాకాలం సాయంత్రాలు స్టెబిలైజర్ ముల్లు 170కి పడిపోతే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేట్టు తిరిగేవి, ట్యూబులైటు టకటకా కొట్టుకుని ఆగిపోయేది, నాన్న స్టార్టరు తిప్పి తిప్పి చివరికి సబ్‌స్టేషనుకి ఫోన్ చేసేవారు. 170కే ఫిర్యాదు చేసిన మనిషికి 120 అంటే ఇంక ఏం చెప్తాం.

ఇందులో తమాషా ఏంటంటే మేముండే ఊరి పేరు ఎడిసన్. ఓక్ ట్రీ రోడ్డు అంటే చాలామందికి తెలిసే ఉంటుంది, దోసెలు, చీరలు, బంగారం, అన్నీ ఆ రోడ్డు మీదే. అంతకుముందు రారిటన్ టౌన్‌షిప్ అని ఉండేది, 1954లో థామస్ ఎడిసన్ పేరు పెట్టుకున్నారు, ఎందుకంటే 1879లో ఆయన బల్బు వెలిగించిన మెన్లో పార్క్ ఈ ఊళ్ళోనే. అక్కడ 131 అడుగుల టవరు, దాని నెత్తిన పేద్ద గాజు బల్బు ఉంటాయి. ఈ 120 వోల్టుల గోల మొదలైంది కూడా ఆయన దగ్గరే. 1882 సెప్టెంబర్ 4న న్యూయార్క్ మన్‌హటన్‌లో పెర్ల్ స్ట్రీట్ కరెంటు స్టేషను నుంచి ఎడిసన్ కరెంటు అమ్మడం మొదలుపెట్టినప్పుడు అది 110 వోల్టుల డీసీ, అంటే ఎప్పుడూ ఒకవైపే పారే కరెంటు. అప్పటి కార్బన్ తీగ బల్బులకి వందా ఆ పైన కాస్త అయితే సరిపోయేది. తర్వాత డీసీ పోయి, అటూ ఇటూ ఊగే ఏసీ వచ్చింది, కానీ అప్పటికే జనం కొనేసుకున్న బల్బులు పారేయలేరు కదా, అంకె మాత్రం ఆ చుట్టుపక్కలే ఉండిపోయి చివరికి 120 దగ్గర ఆగింది. యూరప్‌లో బెర్లిన్ కరెంటు కంపెనీ 1899లోనే 220కి మారిపోయింది, ఎందుకంటే వోల్టేజి రెట్టింపైతే అదే తీగలో ఎక్కువ ఇళ్ళకి కరెంటు పంపొచ్చు, రాగి మిగులుతుంది. మనకి ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ లెక్క ఇచ్చిపోయారు. నాన్నని ఆ టవరు చూడ్డానికి తీసుకెళ్తే అక్కడున్న బోర్డులన్నీ ఒక్కటి వదలకుండా చదివి, బయటికొచ్చాక "అంతా బానే ఉంది గానీ ఇంకో వంద కలిపి ఉండాల్సింది" అన్నారు.

సరే, టార్చి సంగతి. రోజూ రాత్రి పది గంటలకి పెట్టేవారు, పొద్దున్నే ఆరింటికి లేచి తీసేసేవారు. డబ్బా మీద 8 గంటలు అని ఉంది, ఆయన దానికి ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఉంచరు, ఎక్కువ పెడితే బ్యాటరీ ఉబ్బిపోతుందని. జూన్‌లో గంట వెలిగేది. జూలై చివరికి అరగంట. ఆగస్టులో ఒకరోజు డెక్ మీద ఏదో పడిపోయిందని వెతకడానికి తీసుకెళితే పది నిమిషాల్లో పసుపురంగుకి వచ్చేసింది. "తెనాలిలో మూడేళ్ళు వాడానురా, ఇక్కడికొచ్చి మూడు నెలల్లో పోయింది" అని తెగ బాధపడ్డారు.

ప్లగ్గు తీసి, కాసేపు అలా వదిలేసి, విప్పాను. నాలుగు స్క్రూలు. లోపల సబ్బుబిళ్ళలో సగమంత నల్లటి బ్యాటరీ, 4 వోల్టులది, సీలు చేసిన లెడ్ యాసిడ్. స్కూటర్ బ్యాటరీకి చిన్న తమ్ముడు అనుకోండి. పక్కన అగ్గిపెట్టెంత గోధుమరంగు బోర్డు. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుందనుకున్నాను, లేదు. ఉన్నవల్లా నాలుగు డయోడ్లు, ఒకటో రెండో రెసిస్టర్లు, ఒక ఎర్ర లైటు, చెగోడీ ముక్కలా నిగనిగలాడే ఒక కెపాసిటర్. దాని మీద '105జె 400వి' అని అచ్చు. ఆ 105 అంటే ఒక మైక్రోఫారడ్, కెపాసిటర్ ఎంతదో చెప్పే కొలత. మన దగ్గర చవకగా దొరికే ఛార్జింగ్ లైట్లూ దోమల బ్యాట్లూ చాలావరకు ఇలానే ఉంటాయి. గోడలో ఉన్న 230ని ఈ కెపాసిటర్ ఒక్కటే అడ్డుకుని, సన్నగా తిప్పిన కుళాయిలా కొంచెం కొంచెం కరెంటుని బ్యాటరీకి వదుల్తుంది.

ఆ కుళాయి ఎంత వదులుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది, వోల్టేజి ఎంత, సెకనుకి ఎన్నిసార్లు కరెంటు అటూ ఇటూ ఊగుతోంది. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్: లెక్క వేస్తే దాదాపు 72 మిల్లీ ఆంపియర్లు. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్: 45. అంటే మనవైపు రూపాయి వచ్చేచోట ఇక్కడ 63 పైసలు వస్తోంది. 8 గంటల ఛార్జింగుకి ఇక్కడ 13 గంటలు పడుతుందన్నమాట. నాన్న 8 గంటలకే తీసేస్తున్నారు, రాత్రి మళ్ళీ అరగంట వాడుతున్నారు, బ్యాటరీ ఒక్కరోజు కూడా నిండలేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అన్నిటికంటే తట్టుకోలేనిది ఇదే. సగం నిండి అలా కూర్చుంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుని గట్టిపడుతుంది, ఇంక ఎంత ఛార్జింగ్ పెట్టినా ఎక్కదు. హై వోల్టేజీ అయితే ఢామ్మని కాలిపోయి మనకి తెలిసేది. లో వోల్టేజీ మూడు నెలలు తీసుకుని, చప్పుడు చేయకుండా చంపింది.

(ఒక మాట. ఇలాంటివాటిలో బ్యాటరీకీ గోడలోని కరెంటుకీ మధ్య తెర ఏమీ ఉండదు, ప్లగ్గులో ఉండగా లోపలి బ్యాటరీ తీగ ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. పగిలిన టార్చిని ప్లాస్టర్ చుట్టి ఛార్జింగ్ పెట్టే అలవాటు మన ఇళ్ళల్లో చాలామందికి ఉంది, మానేయండి. నాలా విప్పి చూడమని కూడా చెప్పట్లేదు.)

మరి ట్రిమ్మరు ఎందుకు బాగుంది? దాని ఛార్జర్ వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో, 'ఇన్‌పుట్ 100–240వి, 50/60 హెర్ట్జ్' అని ఉంది. అదీ కథ. ఇలాంటి ఛార్జర్ గోడలోంచి ఏమొచ్చినా ముందు డీసీ చేసేసుకుంటుంది, తర్వాత దాన్ని సెకనుకి వేలకి వేలసార్లు ముక్కలు చేసి, బఠాణీ గింజకి కాస్త పెద్దదైన ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి పంపి, బయటికి వచ్చేది 5 వోల్టులు దాటకుండా, తగ్గకుండా తనే కనిపెట్టి సర్దుకుంటుంది. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్లన్నీ ఈ రకమే. ఎండాకాలం మన ఊళ్ళో ట్యూబులైటు వెలక్కపోయినా ఫోను మాత్రం చక్కగా ఛార్జ్ అవుతుండేది గుర్తుందా? అది ఇందుకే, దానికి 170 కూడా హద్దులోపలే.

మనల్ని మోసం చేసేది సరిగ్గా ఈ ఫోనే. ఇరవై ఏళ్ళుగా ఫోనూ ల్యాప్‌టాపూ ఏ దేశంలో పెట్టినా ఎక్కేస్తుంటే, ఛార్జింగ్ పెట్టే వస్తువంటే ఎక్కడైనా పనిచేస్తుందని బుర్రలో పడిపోయింది. మిక్సీ తెచ్చేటప్పుడు వంద మందిని అడుగుతాం, అక్కడ పనిచేస్తుందా అని. ట్రిమ్మరు, పళ్ళ బ్రష్షు, టార్చి, చేతి వ్యాక్యూము, వీటి గురించి ఎవరం అడగం. నిజానికి ఏ దేశం ట్రిమ్మరులోనైనా ఉండే లిథియం బ్యాటరీ 3.7 వోల్టులదే, దానికి అమెరికా తెలీదు, తెనాలి తెలీదు. తేడా అంతా ఆ బ్యాటరీకీ గోడకీ మధ్యలో కూర్చున్న డబ్బాలో ఉంది.

ఇప్పుడు నేను చేతులు కాల్చుకున్న సంగతి. మూడేళ్ళ కిందట డిసెంబరులో ఊరెళ్ళినప్పుడు ఇక్కడ కొన్న ఎలక్ట్రిక్ పళ్ళ బ్రష్షు పట్టుకెళ్ళాను, స్టాండు మీద నిలబెడితే తీగ లేకుండా ఛార్జ్ అవుతుంది, ఆ రకం. నాన్న అప్పుడే కొత్త ఎక్స్‌టెన్షన్ బాక్సు కొన్నారు. ఇప్పుడొచ్చే బాక్సుల్లో కన్నాలు చూశారా, గుండ్రటి పిన్ను, చదును పిన్ను, ఏ దేశంది తెచ్చినా దూరిపోతుంది. నేను పెద్ద సౌకర్యం అనుకున్నాను. నిజంగా అంత ప్రమాదం ఇంకోటి లేదు, ఎందుకంటే అడాప్టరు కోసం వెతుక్కోవాల్సి వస్తే ఆ రెండు నిమిషాల్లో అయినా మనిషికి అనుమానం వస్తుంది, ఇక్కడ ఆ అవకాశం కూడా లేకుండా నేరుగా దూరిపోయింది.

రాత్రి పదింటికి పెట్టాను. 'టుక్' అని చిన్న చప్పుడు, తాళంచెవి గచ్చు మీద పడ్డంత. ఫ్యూజు పోలేదు, లైట్లు ఆరలేదు. ఏం కాలేదులే అనుకుని పక్క సర్దుకుంటుంటే వాసన మొదలైంది, ఎండుచేపలూ రబ్బరూ కలిపి కాల్చినట్టు. అమ్మ పక్కగదిలోంచి లేచొచ్చింది. స్టాండు తిరగేసి చూస్తే తెల్ల ప్లాస్టిక్ మీద తెల్లగానే, రంగు వేయకుండా ఉబ్బెత్తు అక్షరాలతో '110–130వి' అని ఉంది. ఫోనులో టార్చి వేసి, పక్కనుంచి వెలుతురు పడేట్టు వంచితే తప్ప కనపడదు. కనపడేట్టు రాస్తే ఏం పోయేదో!

పొద్దున్నే నాన్న పెరట్లోంచి వేపపుల్ల విరుచుకొచ్చి చేతిలో పెట్టారు. "దీనికి ఛార్జింగ్ అక్కర్లేదు" అన్నారు. వారం రోజులు దాంతోనే.

కానీ బ్రష్షు చావలేదు, స్టాండు ఒక్కటే చచ్చింది. ఈ బ్రష్షుల్లో స్టాండులో ఒక తీగచుట్ట, పిడిలో ఒక తీగచుట్ట ఉంటాయి, స్టాండు తన చుట్టూ పుట్టించే అయస్కాంత క్షేత్రం లోంచి పిడి కరెంటు లాక్కుంటుంది, గోడలోని 230తో పిడికి నేరుగా చుట్టరికమే లేదు. అదే మోడలుకి ఇండియాలో అమ్మే స్టాండు తెప్పించి దాని మీద నిలబెడితే చక్కగా లేచి కూర్చుంది. ఇది నా మోడలుకి కుదిరింది, అన్ని కంపెనీలకీ కుదురుతుందని అనను, స్టాండు మోడల్ నంబరు సరిపోయిందో లేదో చూసుకుని కొనండి. ఇప్పుడు ఒక స్టాండు తెనాలిలో, ఒకటి ఇక్కడ. సామాను బరువు కూడా తగ్గింది.

దీన్నుంచి బుద్ధి వచ్చిందనుకుంటున్నారా. తర్వాతి ట్రిప్పులో మావాడి జుట్టు కత్తిరించే క్లిప్పరు తీసుకెళ్ళాం, ఈసారి లేబుల్ చూశాను, 120 ఒక్కటే ఉంది. హైదరాబాదులో బావ, "నా దగ్గర కన్వర్టర్ ఉంది బావా, 2000 వాట్లది" అని ఇచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది, దూదిలా తేలిగ్గా ఉంది. 2000 వాట్లది అంత తేలిగ్గా ఎలా ఉంటుందన్న అనుమానం అప్పుడే రావాల్సింది. క్లిప్పరు ఛార్జరు పది నిమిషాలు బాగానే ఉండి, తర్వాత వేడెక్కి, పోయింది.

ఆ తేలికపాటి కన్వర్టర్ల సంగతి ఇంటికొచ్చి చదువుకున్నాక తెలిసింది. అవి 230ని 110 చేయవు. కరెంటు అలలో కొంత భాగాన్ని కోసి పారేసి, మిగిలిన ముక్కల్ని పంపిస్తాయి, సగటు మీద 110 అయినట్టు. మన 230 వోల్టుల అల నెత్తి 325 దాకా వెళ్తుంది. కోసిన తర్వాత కూడా ఆ ముక్కల నెత్తి మూడొందల దగ్గరే ఉంటుంది. ఇస్త్రీపెట్టె, మామూలు హెయిర్ డ్రయ్యరు లాంటివాటికి పర్లేదు, వాటికి వేడెక్కడం తప్ప వేరే పని లేదు, సగటు సరిపోతే చాలు. ఛార్జరు అలా కాదు, లోపల కెపాసిటర్ అల నెత్తి ఎంతుంటే అంత దాకా నింపుకుంటుంది. 120 వోల్టుల అల నెత్తి 170 కదా అని ఆ లెక్కన కట్టిన దాంట్లోకి మూడొందలు పోశాం. ఆ కన్వర్టర్ అట్ట మీద ఎలక్ట్రానిక్ వస్తువులకి వాడొద్దని రాసే ఉందట, అట్ట మా బావ ఎప్పుడో పారేశాడు.

అసలైనది కావాలంటే ఇనప ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే '230 టు 110' అని ఇస్తారు. చేత్తో ఎత్తితే ఇటుకలా బరువుండాలి, పెడితే సన్నగా గుయ్యిమనాలి. క్లిప్పర్లూ బ్రష్షులూ తాగేది ఐదో పదో వాట్లు, 50 వాట్లది చాలు, వేడెక్కకుండా ఉండాలంటే వందది తీసుకోండి. అది వోల్టేజిని మార్చుతుంది గానీ 50 హెర్ట్జ్‌ని 60 చేయదు. ఛార్జింగు వస్తువుల్లో చాలావాటికి దాంతో ఇబ్బంది రాదు.

అయితే నిజం చెప్పాలంటే, వెయ్యి రూపాయల క్లిప్పరు కోసం రెండు కిలోల ఇనుము కొని ఇంట్లో దాచుకోవడం నాకు తెలివైన పనిలా అనిపించదు. అక్కడికో క్లిప్పరు, ఇక్కడికో క్లిప్పరు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల్సింది ఖరీదైనదానికీ, మళ్ళీ దొరకనిదానికీ.

పెట్టే బేడా సర్దుకుని ఇండియా వెళ్ళిపోతున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది కార్డ్‌లెస్ డ్రిల్లుల గురించి. ఇక్కడ వారాంతాల్లో అందరూ వడ్రంగులే కదా, ఒక్కొక్కరి గరాజులో నాలుగేసి బ్యాటరీలుంటాయి. ఇక్కడి డ్రిల్లు ఛార్జర్లు చాలావాటి మీద 120 అనే ఉంటుంది. డ్రిల్లూ బ్యాటరీలూ తీసుకెళ్ళండి, ఛార్జరు వదిలేయండి, అదే కంపెనీ 230 ఛార్జరు అక్కడ కొనుక్కోండి. అక్కడ షాపులో '18 వోల్టులు' అని ఉంటే, నాది '20 వోల్ట్ మ్యాక్స్' కదా అని కంగారు పడకండి. లోపల ఐదు సెల్లులే, నిండా ఛార్జ్ చేసినప్పుడు ఒక్కోటి 4 చొప్పున 20, మామూలుగా 3.6 చొప్పున 18. అమెరికాలో పెద్ద అంకె వేసుకుని అమ్ముతారు, అంతే. రోబో వ్యాక్యూములకైతే అది ఛార్జింగుకి వెళ్ళి నిలబడే స్టాండుని తిరగేసి చూడాల్సిందే, కొన్నిటికి 100–240 ఉంటుంది, కొన్నిటికి ఉండదు.

మిక్సీ, గ్రైండరు సంగతి ఇప్పుడెత్తను, అవి ఛార్జింగు వస్తువులు కావు, పైగా ఓక్ ట్రీ రోడ్డులో 110 వోల్టుల మిక్సీలు వరసగా పేర్చి అమ్ముతారు, అవి ఇక్కడే వాడి ఇక్కడే వదిలేయాలి. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇక్కడ బట్టలారబెట్టే డ్రయ్యరు సాకెట్టులో 240 వస్తుంది, రెండు 120లు ఎదురెదురుగా కలిపి ఇస్తారు కాబట్టి. "దాంట్లో మన ఇండియా సామాను పెట్టేసుకోవచ్చు కదా" అని ప్రతి పార్టీలోనూ ఒక ఇంజినీరు లేస్తాడు. దాని బ్రేకరు 30 ఆంపియర్లది, అంతకి మించితే గానీ కరెంటు ఆపదు. దోమల బ్యాటు తీగ కాలి మంటలొచ్చినా ఆ బ్రేకరుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

కువైట్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుక్కి ఈ బాధలేవీ లేవు. అక్కడ 240 వోల్టులు, 50 హెర్ట్జ్, ఇంచుమించు మనదే, మూడు లావుపాటి చదును పిన్నుల ఇంగ్లీషు ప్లగ్గు ఒక్కటే తేడా. ఊరి నుంచి ఏది తీసుకెళ్ళినా పిన్ను మార్చి పెట్టేసుకుంటాడు. నాకు అడాప్టరుకీ కన్వర్టరుకీ తేడా తెలియకపోవడానికి సగం కారణం వాడే, "పిన్ను మారిస్తే చాలన్నా" అని ఏళ్ళ తరబడి చెప్పాడు, వాడి మటుకు వాడికి నిజమే మరి. లండన్‌లో కొన్ని ఇళ్ళ బాత్రూముల్లో 'షేవర్లకు మాత్రమే' అని రాసిన సాకెట్టు ఉంటుంది, దాని వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, 115 కూడా ఇస్తుంది. నా పళ్ళ బ్రష్షు లాంటిదానికి అచ్చంగా సరిపోయేది. అందరికంటే పాపం జపాన్‌వాళ్ళు, 100 వోల్టులు, అదీ టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. 1890ల్లో ఒకళ్ళు జర్మనీ నుంచి జనరేటర్లు తెచ్చుకున్నారు, ఇంకొకళ్ళు అమెరికా నుంచి, ఇప్పటికీ దేశం రెండు ముక్కలే.

ఇప్పుడు నేను ఏది కొన్నా యూఎస్‌బీ-సీ కన్నం ఉందా లేదా అనే చూస్తున్నాను. ట్రిమ్మర్లు, టార్చిలు, ఆఖరికి దోమల బ్యాట్లు కూడా అలా వస్తున్నాయి. గోడ సంగతి ఫోను ఛార్జరు చూసుకుంటుంది, వస్తువుకి 5 వోల్టులు తప్ప ఇంకేం తెలియనక్కర్లేదు. యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లూ ట్యాబ్‌లూ హెడ్‌ఫోన్లూ ఇలాంటివన్నీ యూఎస్‌బీ-సీతోనే అమ్మాలని చట్టం పెట్టారు, పళ్ళ బ్రష్షుల్ని కూడా అందులో చేర్చి ఉంటే నాకు బాగుండేది. విమానంలో మాత్రం పవర్ బ్యాంకులూ విడి లిథియం బ్యాటరీలూ చెక్-ఇన్ పెట్టెలో వేయకండి, చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్ అవర్ల లోపు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు, బాధ లేదు.

నాన్న నవంబరులో వెళ్ళేటప్పుడు ఆ పాత టార్చి ఇక్కడే వదిలేయమన్నాను. వదల్లేదు. "బ్యాటరీ ఒక్కటే కదా పోయింది, నూటయాభై పెడితే వేసిస్తాడు" అని మళ్ళీ లుంగీలో చుట్టుకున్నారు. వేయించారు కూడా, ఇప్పుడు గంట వెలుగుతోందట. దాంతో పాటు లేబుళ్ళు చదివే అలవాటు ఒకటి పట్టుకెళ్ళారు. ఫోను కెమెరాతో ఫోటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి చూడ్డం నేనే నేర్పాను.

పోయిన ఆదివారం వీడియో కాల్ చేశారు. తెర మీద ఆయన మొహం లేదు, ఒక ఛార్జరు వెనకభాగం మాత్రం మసగ్గా కనపడుతోంది.

"ఏరా, ఇన్‌పుట్ వంద నుంచి రెండొందల నలభై అని ఉంది. పెట్టొచ్చా?"

"నాన్నా, అది మీ ఫోను ఛార్జరు. మన ఊళ్ళో కొన్నదే. నాలుగేళ్ళ నుంచి రోజూ పెడుతూనే ఉన్నారు."

"అవుననుకో," అన్నారు. "చూడకుండా పెట్టాను అన్నాళ్ళూ."